సారా బట్టీ నుంచి ఇన్సులిన్ దాకా: గుడర్‌హామ్ కుటుంబం కథ

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వెలువడే ఈ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసి పంపమని సంపాదక మిత్రులు అడిగారు. గాంధీ, అంబేద్కర్, అబ్దుల్ కలాం గురించి రాసే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్న మనిషి పేరు మన నస్పూర్‌లో ఎవరూ విని ఉండరు. పేరు విలియం గుడర్‌హామ్. కెనడాలోని టొరంటో నగరంలో సారా కాచి కోటీశ్వరుడైన ఆసామి. చనిపోయి 140 ఏళ్లు దాటింది.

సారా వ్యాపారి కథ బడి సంచికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. పోయిన ఏడాది మన సర్వసభ్య సమావేశంలో బడికి గ్రంథాలయం గది కట్టించే మాట వచ్చినప్పుడు, వైన్ షాపులు నడిపే మన పూర్వ విద్యార్థి ఒకరు మొత్తం ఖర్చు తానే భరిస్తానని ముందుకొచ్చారు. సగం మంది చప్పట్లు కొట్టారు. సగం మంది తల వంచుకుని కూర్చున్నారు. ఆ పైసలు ముట్టవద్దని ఒక అక్క లేచి గట్టిగానే చెప్పింది. ఏమీ తేలకుండా సమావేశం ముగిసింది. ఆ చర్చ మళ్లీ రాబోయే సమావేశానికి వస్తుంది. అప్పటికి మనందరికీ పనికొస్తుందని ఈ కథ రాస్తున్నాను. నా బిడ్డ టొరంటోలో ఉద్యోగం చేస్తుంది. రెండుసార్లు వెళ్లి ఉండి వచ్చాను. ఈ కుటుంబం గురించి నాకు తెలిసింది అక్కడే.

విలియం 1790లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో, స్కోల్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో లండన్‌లో వ్యాపారం చేసే బంధువు దగ్గర పనికి కుదిరాడు. తర్వాత పటాలంలో చేరి కరీబియన్ దీవుల్లో ఫ్రెంచివాళ్ల మీద జరిగిన యుద్ధాలకు వెళ్లాడు. అక్కడ పచ్చజ్వరం పట్టుకుంది. చావు తప్పించుకుని ఇంటికి చేరి, మళ్లీ సేద్యంలో పడ్డాడు. నలభై ఏళ్లు వచ్చేదాకా ఆయన జీవితంలో చెప్పుకోవడానికి ఇంతకుమించి ఏమీ లేదు.

ఆయన సోదరి ఎలిజబెత్ భర్త జేమ్స్ వర్ట్స్ మిల్లు పని తెలిసినవాడు. 1831లో కెనడాకు వెళ్లాడు. అప్పటికి టొరంటో లేదు. ఒంటారియో సరస్సు ఒడ్డున యార్క్ అనే చిన్న ఊరు ఉంది. వర్షం పడితే వీధుల్లో మోకాలి లోతు బురద. చుట్టూ అడవి కొట్టి గోధుమ వేస్తున్న రైతులు. గోధుమ పండితే పిండి పట్టే మిల్లు కావాలని వర్ట్స్ గ్రహించాడు. డాన్ నది సరస్సులో కలిసే చోట ఇటుకలతో ఎత్తయిన గాలిమర మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది, 1832లో, విలియం తన పొలం, ఆస్తి అమ్ముకుని ఓడ ఎక్కాడు. రెండు కుటుంబాల వాళ్లు, పనివాళ్లు, దిక్కులేని పిల్లలు కలిపి 54 మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్కడుగా వలస పోవడం వేరు, ఒక పల్లెను మోసుకుని పోవడం వేరు. బొగ్గు బాయిల కోసం నలుమూలల నుంచి చుట్టపక్కాలను వెంటబెట్టుకుని వచ్చి మన దగ్గర గుడిసెలు వేసుకున్న కుటుంబాలు గుర్తున్న వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

రెండేళ్లు గడిచాయో లేదో దెబ్బ తగిలింది. 1834లో ఎలిజబెత్ కాన్పులో చనిపోయింది. భార్య పోయిన దుఃఖం తట్టుకోలేక రెండు వారాలకే వర్ట్స్ తను కట్టిన గాలిమర దగ్గరి బావిలోనే ప్రాణం తీసుకున్నాడు. విలియంకు అప్పటికే ఇల్లు నిండా పిల్లలు. ఆయనకు కలిగిన సంతానం పదముగ్గురు. ఇప్పుడు తల్లిదండ్రులు లేని మేనల్లుళ్లు, మేనకోడళ్లు కూడా ఆయన మీదే పడ్డారు. మిల్లూ ఆయన మీదే పడింది. అదే ఏడాది యార్క్ ఊరు పేరు మార్చుకుని టొరంటో నగరమైంది. జనాభా 9 వేల చిల్లర.

మూడేళ్లు పిండి మిల్లు నడిపాక, 1837లో విలియం పక్కనే సారా బట్టీ పెట్టాడు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మిల్లుకు వచ్చే ధాన్యంలో మంచి పిండికి పనికిరానిది, మిగిలిపోయేది చాలా ఉంటుంది. అది పుచ్చిపోయే లోపు ఏదో ఒకటి చేయాలి. మన ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పపువ్వు నానబెట్టి, పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి ఆవిరిని చల్లార్చి సారా దించేది మనలో చాలామంది చూసినవాళ్లమే. సూత్రం అదే. ఇప్పపువ్వులో తీపి పుట్టుకతోనే ఉంటుంది. గింజలో మాత్రం పిండిపదార్థం ఉంటుంది కాబట్టి ముందు దాన్ని తీపిగా మార్చాలి. అందుకు ధాన్యాన్ని పిండి చేసి, వేడి నీళ్లలో కలిపి, మొలకెత్తించి ఎండబెట్టిన గింజల పిండి చేరుస్తారు. తర్వాత ఈస్టు వేసి పులియబెడతారు. కాచి ఆవిరిని దింపుతారు. చివరికి బొగ్గు గుండా వడగడతారు. బస్తా ధాన్యం కంటే పీపా సారా మోయడం తేలిక, ఎన్నాళ్లున్నా చెడిపోదు, ధర ఎక్కువ. బురద దారుల దేశంలో ఈ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. కొద్ది ఏళ్లలోనే పిండి వెనకబడింది, సారా ముందుకొచ్చింది.

తల్లిదండ్రులు పోయిన మేనల్లుడు జేమ్స్ గుడర్‌హామ్ వర్ట్స్‌ను పెంచి, పని నేర్పి, 1845లో వ్యాపారంలో భాగం ఇచ్చాడు విలియం. అప్పటి నుంచి కంపెనీ పేరు గుడర్‌హామ్ అండ్ వర్ట్స్. కన్న కొడుకులు ఉండగా మేనల్లుడి పేరును తన పేరు పక్కన నిలబెట్టాడు. ఈ ఒక్క పని కోసమైనా ఆ మనిషిని తలచుకోవచ్చు.

1859లో సున్నపురాతితో కొత్త డిస్టిలరీ మొదలుపెట్టి 1861 నాటికి పూర్తి చేశారు. 1869లో అందులో అగ్నిప్రమాదం జరిగింది. లోపల కొయ్యంతా కాలిపోయినా మందపాటి రాతి గోడలు నిలబడ్డాయి. కొన్ని నెలల్లోనే మళ్లీ పని మొదలైంది. 1870ల నాటికి ఏడాదికి 20 లక్షల గ్యాలన్లకు పైగా స్పిరిట్ తయారయ్యేది. కెనడా దేశం మొత్తం ఉత్పత్తిలో అది చాలా పెద్ద వాటా. ఖజానాకు కట్టే పన్ను కూడా అంతే పెద్దది. సారా మీద వచ్చే రాబడి లేకుండా సర్కారు నడవదనే మాట మనకు కొత్త కాదు. అక్కడా కొత్త కాదు.

ఒక బట్టీ చుట్టూ ఊరు ఎలా పెరుగుతుందో చూడండి. ధాన్యం కాచాక మిగిలే పిప్పి, పులిసిన నీళ్లు పారబోయడం దండగ అని పశువుల కొట్టాలు కట్టారు. పాలు, మాంసం మరో వ్యాపారమైంది. ఆ కొట్టాల పేడంతా పక్కనున్న చిత్తడి నేలలోకి, నదిలోకి వదిలారు. నగరం ముక్కు మూసుకుని భరించింది. ధాన్యం, కట్టెలు తేవడానికి రైలు కావాలి. 1871లో మొదలైన టొరంటో అండ్ నిపిసింగ్ అనే చిన్నగేజీ రైలు కంపెనీలో ఈ కుటుంబం పెట్టుబడి ఉంది. డబ్బు తిప్పడానికి బ్యాంకు కావాలి. పిండి మిల్లుల వాళ్లు, ధాన్యం వ్యాపారులు కలిసి 1855లో పెట్టుకున్న బ్యాంక్ ఆఫ్ టొరంటోకు విలియం 1864 నుంచి చనిపోయేదాకా అధ్యక్షుడు. ఆ బ్యాంకే 1955లో డొమినియన్ బ్యాంకుతో కలిసింది. ఇవాళ టొరంటోలో ఉండే మన తెలుగు పిల్లలు జీతం దాచుకునే టీడీ బ్యాంకు అదే. ఆ పేరులో మొదటి అక్షరం వెనక ఈ సారా కుటుంబం ఉందని ఎంతమందికి తెలుసు?

విలియం మతాచారం బాగా ఉన్నవాడు. బట్టీకి దగ్గర్లో, కూలి జనం ఉండే పేటలో కట్టిన లిటిల్ ట్రినిటీ చర్చికి ఆయన అండ ఉంది. చేతిలో బైబిలు, గోదాములో సారా పీపాలు. రెంటికీ ఆయన మనసులో పొత్తు ఎలా కుదిరిందో గానీ, ఆయన ఇంట్లోనే కుదరలేదు. పెద్ద కొడుకు, తండ్రి పేరే ఉన్న విలియం, మెథడిస్టు సంఘంలో చేరాడు. సారా బట్టీకి దూరంగా ఉండి సాల్వేషన్ ఆర్మీకి, చదువులకు డబ్బు పెట్టాడు. 1889లో చనిపోతూ విక్టోరియా కాలేజీకి 2 లక్షల డాలర్లు రాసిపెట్టాడు. కోబర్గ్ అనే ఊళ్లో ఉన్న కాలేజీ టొరంటోకు మారాలన్నది షరతు. 1892లో మారింది. తండ్రి సంపాదన మీద కొడుకు వేసిన ప్రశ్న అనుకోండి, ప్రాయశ్చిత్తం అనుకోండి. కాలేజీ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

పెద్దాయన విలియం 1881లో, 91వ ఏడు నిండబోతుండగా కన్నుమూశాడు. మరుసటి ఏడాదే మేనల్లుడు వర్ట్స్ కూడా పోయాడు. వాళ్లు వచ్చినప్పుడు బురద ఊరుగా ఉన్న టొరంటో జనాభా అప్పటికి 86 వేలు. పగ్గాలు మరో కొడుకు జార్జ్ చేతికి వచ్చాయి. అతను బ్యాంకుకు అధ్యక్షుడయ్యాడు. నగరంలో పెద్ద ధనవంతుడయ్యాడు. 1892లో రెండు వీధులు కలిసే మూల మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కంపెనీ ఆఫీసు కట్టించాడు. టొరంటో వెళ్లిన మనవాళ్లు దాని ముందు ఫొటో దిగకుండా రారు. 1903లో తెరిచిన కింగ్ ఎడ్వర్డ్ హోటల్ కూడా అతని పూనికే.

ఇక్కడిదాకా రాసి ఆపితే ఇది విజయగాథ అవుతుంది. కానీ ఆ 20 లక్షల గ్యాలన్లు ఎవరో ఒకరు తాగారు. వాళ్ల పేర్లతో భవనాలు లేవు.

మా నాయన ఆర్.కె. బాయిలో కోల్ ఫిల్లరు. నాలుగు టబ్బులు ఎక్కువ నింపగలడని పేరున్న మనిషి. జీతాల రోజు సారా దుకాణం ముందు వరుసగా నిలబడ్డ మా వాడకట్టు ఆడవాళ్లలో మా అమ్మ ఒకతె. మొగుడు లోపలికి పోకముందే సగం జీతమైనా చేతిలో పెట్టించుకోవాలని వాళ్ల ఆరాటం. కొన్ని నెలలు దొరికేది, కొన్ని నెలలు దొరకకపోయేది. దొరకని నెల మా ఇంట్లో గట్క, పచ్చిపులుసుతో సరి. నేను, చెల్లె బడి ఫీజు కట్టని పిల్లల వరుసలో నిలబడేవాళ్లం. ఆ వరుసలో నాతో నిలబడ్డవాళ్లు ఈ సంచిక చదువుతున్నవాళ్లలో కూడా ఉన్నారు. అందుకే సమావేశంలో అక్క అన్న మాట నాకు అర్థమైంది.

కెనడా ఆడవాళ్లూ ఊరుకోలేదు. 1870ల నుంచే మద్యం మాన్పించాలని సంఘాలు పెట్టారు, ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు. 1916లో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో మద్య నిషేధం వచ్చింది. 1927లో ఎత్తేశారు. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో సారా బంద్ అయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అదీ పోయింది. సముద్రాల అవతల ఎనభై ఏళ్ల కింద నడిచిన కథే మన కళ్ల ముందు మళ్లీ నడిచింది.

ఇప్పుడు ఈ కుటుంబంలో మూడో తరం మనిషి గురించి చెప్పాలి. అతని కోసమే నేను ఈ కథ ఎత్తుకున్నాను. పేరు ఆల్బర్ట్ గుడర్‌హామ్, జార్జ్ కొడుకు, పెద్ద విలియంకు మనవడు. 1861లో పుట్టాడు. టొరంటో విశ్వవిద్యాలయం పాలకమండలిలో సభ్యుడు. ఆ రోజుల్లో జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే డాక్టరు ఒక గుర్రపుసాలలో నాలుగు గుర్రాలను పెట్టుకుని డిఫ్తీరియాకు, అంటే కంఠసర్పికి, మందు తయారు చేస్తున్నాడు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. ఆ రక్తం నుంచి మందు తీస్తారు. బయటి నుంచి తెప్పించే మందు పేదవాళ్లు కొనలేనంత ధర. పిల్లలు గొంతు మూసుకుపోయి చనిపోతున్నారు. తక్కువ ఖర్చుతో చేసి అందరికీ అందించాలన్నది ఆ డాక్టరు పట్టుదల. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికులకు ధనుర్వాతం మందు కావలసి వచ్చింది. గుర్రపుసాల చాలలేదు. ఆల్బర్ట్ నగరానికి ఉత్తరాన యాభై ఎకరాలకు పైగా పొలం కొని, ప్రయోగశాల భవనం, కొట్టాలు కట్టించి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. 1917లో అది తెరుచుకుంది. దానికి తన ఇంటిపేరు పెట్టుకోలేదు. మాజీ గవర్నర్ జనరల్ పేరు మీద కన్నాట్ ప్రయోగశాలలు అన్నారు. అదే యుద్ధకాలంలో వాళ్ల డిస్టిలరీలో సారా ఆపి, తుపాకీ మందుకు కావలసిన అసిటోన్ తయారు చేశారు. ఒకే కుటుంబం, ఒక చేత్తో చంపే మందుకు సరుకు, ఇంకో చేత్తో బతికించే మందు.

నాలుగేళ్లు తిరిగేసరికి అదే విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్, మాక్లియాడ్, కాలిప్ అనే నలుగురు ఇన్సులిన్ కనుక్కున్నారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి మొదట ఇచ్చారు. చావుకు దగ్గరైన పిల్లవాడు లేచి కూర్చున్నాడు. అంతకుముందు చక్కెర జబ్బు వచ్చిన పిల్లలకు వైద్యమంటే పస్తు పెట్టడమే. మందు కనుక్కోవడం ఒక ఎత్తు, వేలమందికి సరిపడా తయారు చేయడం ఇంకో ఎత్తు. కబేళాల నుంచి వచ్చే పశువుల క్లోమం నుంచి దాన్ని తీయాలి, శుద్ధి చేయాలి, ప్రతి సీసాలో బలం ఒకేలా ఉండేలా చూడాలి. కెనడాలో ఆ పని ఎత్తుకున్నది కన్నాట్ ప్రయోగశాలలే. కనుక్కున్నవాళ్లలో బాంటింగ్, బెస్ట్, కాలిప్ పేటెంటు హక్కును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఇన్సులిన్ వ్యవహారం చూడడానికి విశ్వవిద్యాలయం వేసిన కమిటీలో ఆల్బర్ట్ కూడా ఉన్నాడు. ఆయన 1935లో చనిపోయాడు. 1950ల్లో పోలియో టీకా మొదటి పెద్ద పరీక్షకు కావలసిన వైరస్‌ను కుండలకొద్దీ పెంచి ఇచ్చింది కూడా ఆ ప్రయోగశాలలే.

మా అమ్మకు నలభై ఎనిమిదో ఏట చక్కెర జబ్బు తేలింది. చివరి పంతొమ్మిదేళ్లు ఇన్సులిన్ సూది మీదే బతికింది. ఫ్రిజ్ కొనే స్తోమత రాకముందు మందు సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో, ఇసుక మీద పెట్టుకునేది. పొద్దున్నే నేనే సూది వేసేవాణ్ని. సారా వల్ల సగం జీవితం పోగొట్టుకున్న మనిషి ఆమె. మిగిలిన సగం నిలబెట్టిన మందుకు, తొలి రోజుల్లో, సారా సొమ్ముతో కట్టిన ప్రయోగశాల ఆసరా అయింది. ఈ సంగతి తెలిసే నాటికి అమ్మ లేదు. ఉంటే ఏమనేదో నేను ఊహించను. కానీ ఒకటి తెలుసు. రెండు ఖాతాలు కలిపి చెల్లుకు చెల్లు అని ఆమె ఒప్పుకునేది కాదు. ఇన్సులిన్ బతికించిన వాళ్ల లెక్క వేరు, సారా దుకాణం ముందు నిలబడ్డ వాళ్ల లెక్క వేరు. మొదటిది పెరిగిందని రెండోది తరగదు.

గుడర్‌హామ్ వాళ్లు 1923లో డిస్టిలరీని హ్యారీ హాచ్ అనే వ్యాపారికి అమ్మేశారు. 1990లో ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. 2003 నుంచి ఆ ఇటుక భవనాలు, రాతి గోడలు బొమ్మల దుకాణాలు, నాటకశాలలు, కాఫీ హోటళ్లుగా మారాయి. బండ్లు రానివ్వని వీధుల్లో జనం పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతుంటారు. 2018లో మునిసిపాలిటీ అయిన మన నస్పూర్ ఇంకా పెరుగుతుంది. బాయిలు మూతపడ్డాక మన ఊరు దేనితో బతుకుతుంది, దేన్ని గుర్తుపెట్టుకుంటుంది అన్నది మన పిల్లలు తేల్చుకోవలసిన విషయం.

గ్రంథాలయం గది సంగతికి వస్తాను. ఆ మిత్రుడు మనవాడు. మన బెంచీల మీదే కూర్చుని చదివినవాడు. ఇస్తానన్నది తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మూడు మాటలు మాత్రం సభ ముందు పెడుతున్నాను. ఇచ్చేది ఆల్బర్ట్ ఇచ్చినట్టు ఇవ్వాలి. పొలం విశ్వవిద్యాలయానిదైంది, గది బడిది కావాలి, గోడ మీద దాత పేరు గానీ దుకాణం పేరు గానీ ఉండొద్దు. రెండోది, సంఘం లెక్కల పుస్తకంలో ఆ సొమ్ము ఏ వ్యాపారం నుంచి వచ్చిందో దాచకుండా రాయాలి. యాభై ఏళ్ల తర్వాత చదివే పిల్లలకు నిజం తెలియాలి. మూడోది, ఆ సొమ్ములో కొంత భాగం, ఇంట్లో తాగుడు వల్ల చదువు ఆగిపోయేలా ఉన్న పిల్లల ఫీజులకు, పుస్తకాలకు ఏటా పోవాలి. ఆ పిల్లలెవరో మన టీచర్లకు ఇప్పుడు కూడా తెలుసు.

ఈ మూడింటికీ ఒప్పుకుంటే గది కట్టుకుందాం. ఒప్పుకోకపోతే తలా కొంత వేసుకుని చిన్న గదే కట్టుకుందాం. నా వంతు నేను రాసి పెట్టుకున్నాను. వచ్చే సమావేశానికి అందరూ రండి. సమావేశంలో ముందుగా ఆ అక్కను మాట్లాడనిద్దాం.